బలం సిలిండర్‌లో, చిక్కు వాల్వులో

పోటీ రోబోకు బంతిని విసిరే యంత్రాంగం కావాలనగానే విద్యార్థి బృందాలు మొదట వేసే లెక్క ఒకటుంది. పీడనాన్ని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌కు 4 బార్ల గాలి ఇస్తే దాదాపు 500 న్యూటన్ల తోపు. 200 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) పొడవునా ఆ తోపు నిలిస్తే 100 జౌళ్ల పని జరుగుతుంది. రెండు కిలోల బరువును సెకనుకు 10 మీటర్ల వేగంతో పంపడానికి అది సరిపోతుంది. మోటారు అక్కర్లేదు, గేర్లు అక్కర్లేదు, ఒక సిలిండర్, ఒక వాల్వు, ఒక బటన్ చాలు. కాగితం మీద ఇంత సుఖమైన యంత్రం మరొకటి కనిపించదు. తీరా రోబోకు బిగించి బటన్ నొక్కితే బంతి అనుకున్న దూరంలో సగం కూడా పోదు. అప్పుడు బృందం ఇంకా లావు సిలిండర్ తెచ్చి పెడుతుంది. బంతి ఇంకా దగ్గరలో పడుతుంది.

ఆ లెక్కలో తప్పు లేదు, లేనిదల్లా కాలం. 500 న్యూటన్లు రెండు కిలోల మీద పనిచేస్తే 200 మిల్లీమీటర్ల స్ట్రోకు 0.04 సెకన్లలో అయిపోవాలి. ఆ లోపల సిలిండర్‌లో పిస్టన్ వదిలిన ఖాళీ పావు లీటరు. దాన్ని 4 బార్ల పీడనంతో (వాతావరణ పీడనానికి పైన 4, అంటే మొత్తం 5 బార్లు) నింపాలంటే మామూలు వాతావరణ పీడనం దగ్గర కొలిచిన గాలి లీటరుంపావు కావాలి. ఆ గాలంతా రావలసింది కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులోని చిన్న రంధ్రం గుండా. ఫస్ట్ సంస్థ నడిపే విద్యార్థుల రోబో పోటీలు ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) నిబంధనలు చాలా ఏళ్లపాటు వాల్వు పోర్టును అంగుళంలో ఎనిమిదో వంతుకు, ప్రవాహ గుణకం ‘సీవీ’ని 0.32కు పరిమితం చేశాయి. అలాంటి వాల్వుకు ఒకవైపు 4 బార్ల గాలి ఉంటే, రెండో వైపు ఎంత ఖాళీగా ఉన్నా సెకనుకు ఐదారు లీటర్లకు మించి పోదు. రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక అవతల పీడనం ఇంకా తగ్గినా ప్రవాహం పెరగదు. అంటే లీటరుంపావు గాలి దాటడానికి సుమారు 0.22 సెకన్లు. కావలసిన సమయానికి అయిదు రెట్లు ఎక్కువ.

ఫలితంగా పిస్టన్ కదలడం మొదలుపెట్టిన మరుక్షణం నుంచి దాని వెనక పీడనం పడిపోతూ వస్తుంది. పిస్టన్ సెకనుకు 2 మీటర్ల వేగం అందుకునేసరికి వెనక నిలిచే పీడనం 1.3 బార్ల దాకా తగ్గుతుంది. తోపు 500 న్యూటన్ల నుంచి 160కి దిగుతుంది. వేగం 3.5 మీటర్లకు చేరితే మిగిలేది 0.3 బారు, అంటే 40 న్యూటన్ల లోపు. సిలిండర్ పెద్దదైతే ఇదే గాలి ఇంకా పెద్ద ఖాళీని నింపాలి. లావు సిలిండర్ పెట్టిన బృందానికి బంతి దగ్గరలో పడటంలో వింతేమీ లేదు.

శక్తి కోణంలో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆ వాల్వు గుండా ఎలా పంపినా పిస్టన్‌కు అందే శక్తి 400 వాట్లను మించదు. ఎఫ్‌ఆర్‌సీ రోబోల్లో ఏళ్ల తరబడి వాడిన సిమ్ మోటారు గరిష్ఠ శక్తి 337 వాట్లు. వాల్వు వెనక నుంచి నేరుగా తోసే న్యూమాటిక్ (గాలి పీడనంతో నడిచే) యంత్రాంగం ఒక మోటారు పాటి పనే చేస్తుందన్న మాట. దానికోసం కంప్రెసర్, ట్యాంకులు, పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటర్లు, గజాలకొద్దీ ట్యూబులు మోయడం దండగ. లివరు నిష్పత్తి మార్చి, సిలిండర్‌ను ఇరుసుకు దగ్గరగా బిగించి, బంతిని విసిరే చేతి కొసన వేగం పెంచినా ఈ హద్దు తొలగదు. పిస్టన్ నెమ్మదిగా కదిలితే పీడనం నిలుస్తుంది నిజమే, కానీ బలానికీ వేగానికీ మధ్య జరిగే బేరమే తప్ప వాల్వు దాటే శక్తి పెరగదు.

గాలికి అసలు సొత్తు వేరే ఉంది. అది నిల్వ ఉంటుంది. వాల్వు నెమ్మదిగా నింపిన శక్తిని, వాల్వుతో పనిలేకుండా ఒక్కసారిగా వదలగలిగితేనే న్యూమాటిక్ విసురుకు అర్థం ఉంటుంది.

గొళ్ళెం పెట్టినంత మాత్రాన

ఈ సంగతి గ్రహించిన బృందాలు సాధారణంగా చేతికి గొళ్ళెం వేసి, సిలిండర్‌ను ముందే నింపి, తరువాత గొళ్ళెం తీస్తాయి. ఆలోచన సరైనదే. అయితే ఇక్కడ ఒక మెలిక తరచుగా జారిపోతుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి ఆనుకుని ఉన్నప్పుడు దాని వెనక చోటు దాదాపు సున్నా. అక్కడ 4 బార్ల పీడనం ఉన్నా నిల్వ ఉన్న గాలి గుక్కెడే. గొళ్ళెం తీయగానే మొదటి తోపు గట్టిగా తగులుతుంది, ఆ వెంటనే కథ మళ్ళీ వాల్వు దగ్గరికే వస్తుంది. గొళ్ళెం వల్ల వాల్వు తెరుచుకునే ఆలస్యం మాత్రం పోతుంది.

పిస్టన్ వెనక ముందుగానే చోటు ఉండాలి. అందుకు చవకైన మార్గం, కావలసినదానికి రెండింతలు పొడవైన సిలిండర్ తీసుకుని, సగం బయటికి వచ్చిన స్థితిలో గొళ్ళెం వేయడం. మొదటి సగం గాలి నిల్వకు, రెండో సగం విసురుకు. పైన చెప్పిన కొలతలతోనే చూస్తే, పావు లీటరు గాలి అర లీటరుకు వ్యాకోచిస్తుంది. వేడి బయటి నుంచి వచ్చేంత సమయం ఉండదు కాబట్టి గాలి చల్లబడుతూ పీడనం వేగంగా పడిపోతుంది. అయినా దాదాపు 50 జౌళ్లు దక్కుతాయి. పిస్టన్ వెనక లీటరు చోటు వెడల్పాటి దారితో కలిసి ఉంటే 80 జౌళ్ల దాకా వస్తాయి. ఆదర్శ లెక్క 100. పావు లీటరు నుంచి లీటరుకు పోతే వచ్చిన లాభం 30 జౌళ్లే కాబట్టి, బరువు గురించి బెంగపడే రోబోకు మొదటి పద్ధతే మేలు. ‘వెడల్పాటి దారి’ అన్న మాట మాత్రం మరిచిపోకూడదు. ట్యాంకుకూ సిలిండర్‌కూ మధ్య మళ్ళీ సన్నని ట్యూబు పెడితే వాల్వు చేసిన పనే ట్యూబు చేస్తుంది.

రెండో అడ్డంకి పిస్టన్‌కు ముందువైపు ఉంటుంది. రెండు వైపులా గాలి పనిచేసే సిలిండర్‌లో కడ్డీ ఉన్న గదిలోని గాలి బయటికి పోవాలి, అదీ చిన్న రంధ్రం గుండానే. పిస్టన్ దూసుకొస్తుంటే ఆ గాలి నలిగి దిండులా అడ్డుపడుతుంది. సిలిండర్ మూతికే తగిలించే క్విక్ ఎగ్జాస్ట్ వాల్వు దీనికి పాత మందు. వెనక్కి పోయే గాలి ట్యూబు దాకా పోకుండా అక్కడికక్కడే బయటపడుతుంది. గొళ్ళెం ఉన్న యంత్రాంగంలో ఇంకా సులువు. విసరడానికి ముందే ముందు గదిని ఖాళీ చేసి ఉంచవచ్చు.

రెండు వాల్వులను కలిపి ఒకే సిలిండర్‌కు పంపితే ప్రవాహం రెట్టింపు కాదా అని ఎవరైనా అడుగుతారు. అవుతుంది. కానీ వేర్వేరు వాల్వుల అవుట్‌పుట్‌లను ఒకచోట కలపరాదని ఎఫ్‌ఆర్‌సీ నిబంధన. అందుకే అక్కడ ఒక లావు సిలిండర్‌కు బదులు రెండు మూడు సన్న సిలిండర్లు, దేని వాల్వు దానికి, పక్కపక్కనే ఒకే చేతిని తోస్తూ కనిపిస్తాయి. చూడటానికి అనవసరపు ఆర్భాటంలా ఉంటుంది గానీ ప్రవాహం లెక్కలో అది తెలివైన పని.

మరో దారి ఉంది. విసురుకు గాలిని అసలు వాడకపోవడం. సర్జికల్ ట్యూబు (సాగే రబ్బరు గొట్టం) గానీ స్ప్రింగు గానీ శక్తిని దాచుకుంటాయి. గాలి సిలిండర్ దాన్ని అర సెకనులో నెమ్మదిగా వెనక్కి లాగుతుంది. వేలెడంత మరో సిలిండర్ గొళ్ళెం తీస్తుంది. రబ్బరు వదిలేటప్పుడు దానికి రంధ్రం అడ్డురాదు. 2010లో ఫుట్‌బాల్ ఆటగా వచ్చిన ‘బ్రేక్అవే’ కోసం కట్టిన తన్నే యంత్రాల్లో ఈ జోడింపు బాగా కనిపించింది. లాగే పని మోటారు కూడా చేయగలదు కదా అన్న వాదన సబబే. తిరుగుతూ తిరుగుతూ ఒక బిందువు దాటగానే తనంత తానే వదిలేసే ‘చూచూ’ లింకేజి ఆ పని చక్కగా చేస్తుంది. రోబోలో గాలి అవసరమున్న భాగాలు వేరే ఏవీ లేకపోతే, విసురు ఒక్కదానికోసం కంప్రెసర్ మోయడానికి కారణం దొరకడం కష్టం.

గాలి పద్దు

ఎఫ్‌ఆర్‌సీలో నిల్వ పీడనం 120 పీఎస్‌ఐ, అంటే సుమారు 8.3 బార్లు. పని పీడనం 60 పీఎస్‌ఐ, 4.1 బార్లు. 8.3 నుంచి 4 దాకా దిగేలోపు లీటరు ట్యాంకు ఇచ్చేది వాతావరణ లెక్కలో నాలుగు లీటర్ల చిల్లర. ఒక్కో విసురు లీటరుంపావు తాగితే మూడు విసుర్లతో సరి. కంప్రెసర్ మీద నిమిషానికి 1.1 ఘనపుటడుగులని, అంటే 31 లీటర్లని రాసి ఉంటుంది గానీ అది ఎదురు పీడనం లేనప్పటి మాట. ట్యాంకు నిండుతున్న కొద్దీ అది బాగా తగ్గుతుంది. నిమిషానికి 10 లీటర్లు ఇస్తుందనుకుంటే ఒక విసురుకు సరిపడే గాలి ఏడెనిమిది సెకన్లలో వస్తుంది. మ్యాచ్ నిడివి సుమారు రెండున్నర నిమిషాలు. చిన్న కంప్రెసర్లు అంతసేపూ ఏకధాటిగా నడవడానికి తయారైనవి కావు, వేడెక్కుతాయి. చక్రాల మోటార్లు వాడే 12 వోల్టుల బ్యాటరీ మీదే ఇదీ బతకాలి.

పద్దులో కనపడని ఖర్చు తిరుగు ప్రయాణం. చేతిని వెనక్కి తేవడానికీ పూర్తి పీడనం వాడితే ఖర్చు దాదాపు రెట్టింపు. బంతి లేని చేతిని దించడానికి అంత బలం దేనికి? రెండో రెగ్యులేటర్ పెట్టి ఒకటిన్నర బార్లతో వెనక్కి తెస్తే ఆ ఖర్చు సగమవుతుంది. రబ్బరు పట్టీతో తెస్తే అసలే ఉండదు, విసురులోంచి కొంత బలం మాత్రం పోతుంది. తక్కువ పీడనం వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. చాలా సోలినాయిడ్ వాల్వులు లోపల గాలి సాయంతోనే స్పూలును (దారి మార్చే కడ్డీని) కదుపుతాయి. సరఫరా ఒక హద్దు కంటే తగ్గితే లైటు వెలుగుతుంది, వాల్వు మాత్రం కదలదు. వాటికి స్పూలును కదిపే ఈ పైలట్ గాలిని విడిగా పూర్తి పీడనంతో ఇవ్వాలి.

వెక్స్ అనే మరో విద్యార్థి రోబో పోటీల్లో పద్దు మరీ బిగువు. అక్కడ రోబో మీద కంప్రెసర్ ఉండదు. మ్యాచ్‌కు ముందు సైకిల్ పంపుతో చిన్న ట్యాంకులను 100 పీఎస్‌ఐ దాకా కొట్టుకుని రావాలి. ఆ గాలి అయిపోతే అంతే. అందుకే అక్కడ గాలి విసిరే పని కంటే గొళ్ళెం తీసే పనికే ఎక్కువ నప్పుతుంది.

ఈ పద్దు దగ్గర పెట్టుకుని చూస్తే ఏ ఆటకు న్యూమాటిక్స్ కుదురుతాయో ఊహించడం కష్టం కాదు. 2008 నాటి ‘ఓవర్‌డ్రైవ్’లో 40 అంగుళాల బంతిని ఆరున్నర అడుగుల ఎత్తున్న అడ్డం మీదుగా దాటించాలి. 2014 ‘ఏరియల్ అసిస్ట్’లో బంతి రెండడుగుల వ్యాసం. రెంటిలోనూ రోబో చేతిలో ఒకసారికి ఒకటే బంతి, రెండు విసుర్ల మధ్య బోలెడు సమయం. అంత పెద్ద బంతిని తిరిగే చక్రాల మధ్య నుంచి పంపడం ఇబ్బంది. కాబట్టి పిస్టన్లు, విసురు చేతులు అక్కడ రాణించాయి. 2012లో చిన్న బాస్కెట్‌బాల్‌లు, 2013లో ఫ్రిస్బీ పళ్ళేలు, 2017లో వందలకొద్దీ అయిదంగుళాల బంతులు వచ్చినప్పుడు ఫ్లైవీలుదే (వేగంగా తిరుగుతూ వస్తువును విసిరే చక్రానిదే) రాజ్యం. అది సెకనుకు ఎన్నయినా పంపుతుంది, విసిరిన ప్రతిదానికీ గాలి అడగదు.

ఆసియా-పసిఫిక్ దేశాల విద్యార్థుల పోటీ ఏబీయూ రోబోకాన్‌లో ప్రశ్న వేరుగా ఉంటుంది. అక్కడ వస్తువు ఆకారమే ఏటా వింతగా మారుతుంది. 2018లో వియత్నాం ఆతిథ్యమిచ్చినప్పుడు తోకలున్న బంతి, 2019లో మంగోలియా వంతు వచ్చినప్పుడు గొర్రె చీలమండ ఎముక ఆకారంలోని షగాయ్, 2021లో చైనా ఆతిథ్యంలో కుండలోకి వేసే బాణాలు. ఇలాంటివి రెండు రోలర్ల మధ్య ఒకేలా పోవు. పట్టుకుని, చేతితో ఊపి, సరైన క్షణంలో వదలాలి. 600 కిలోపాస్కళ్ల దాకా గాలిని అనుమతించే ఆ పోటీల్లో సిలిండర్‌తో ఊపే చేతులకు చోటు దక్కడానికి ఇదే కారణం.

ప్రతిసారీ ఒకే చోట పడాలి

బలం సమకూరాక మిగిలేది గురి. ఫ్లైవీలుకు ఎన్‌కోడర్ ఉంటుంది, వేగం కొలిచి సరిదిద్దుతుంది. గాలికి అలాంటి సదుపాయం తక్కువ. వెంటవెంటనే రెండు విసుర్లు విసిరితే రెండోది కురచగా పడటం మామూలు. రెగ్యులేటర్ అవతలి పీడనం కోలుకునే లోపే బటన్ నొక్కి ఉంటారు. అప్పుడే నింపిన గాలి వేడిగా ఉంటుంది. కాసేపు ఆగితే చల్లబడి పీడనం కొద్దిగా తగ్గుతుంది. ప్రాక్టీసులో బాగా పడి, మ్యాచ్‌లో వరుసలో నిలబెట్టాక మొదటి విసురు తప్పడం వెనక ఇలాంటి చిన్న కారణాలుంటాయి. విసురు గదికే పీడనం సెన్సర్ తగిలించి, అనుకున్న అంకె చేరేదాకా బటన్ పనిచేయకుండా ప్రోగ్రాం రాయడం దీనికి సూటి మార్గం. డ్రైవర్‌కు కాస్త విసుగు తెప్పించినా అదే నయం.

దూరం మార్చడం ఇంకా కష్టం. మ్యాచ్ మధ్యలో రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి అందదు. వాల్వును ఇన్ని మిల్లీసెకన్లని తెరిచి మూసి బలం తగ్గించవచ్చన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ ఎఫ్‌ఆర్‌సీ ప్రోగ్రాం మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది, స్ట్రోకు మొత్తం నలభై, యాభై మిల్లీసెకన్లు. కంట్రోల్ మాడ్యూల్‌కే పల్సు అప్పగించి ప్రోగ్రాం ఆలస్యాన్ని తప్పించినా, వాల్వు తెరుచుకోవడంలోనే ప్రతిసారీ కొంత తేడా వస్తుంది. అంతకంటే చేతిని ఆపే అడ్డాన్ని చిన్న సిలిండర్‌తో ముందుకో వెనక్కో జరపడం నమ్మకమైనది. బంతి వదిలే కోణం మారుతుంది, బలం మారదు. మూడు సిలిండర్లున్న చోట రెంటినే పేల్చడం మరో ఉపాయం. ఏది చేసినా రెండు మూడు నిర్ణీత దూరాలే దక్కుతాయి. మైదానంలో ఎక్కడి నుంచైనా వేయాలనుకునే బృందం న్యూమాటిక్స్ వదిలి ఫ్లైవీలు వైపు చూడటం మంచిది.

ఆ అడ్డం గురించి ఇంకో మాట. విసురు చేతి బరువు బంతితో సమానమైతే పుట్టిన శక్తిలో సగం చేతిలోనే ఉండిపోతుంది. బంతి వెళ్ళిపోయాక దాన్ని ఎవరో ఒకరు ఆపాలి. సిలిండర్ చివరి మూతే ఆపుతుందని వదిలేస్తే కొన్నాళ్ళకు కడ్డీ వంగుతుంది, లేదా మూత ఊడుతుంది. రబ్బరు దిమ్మెతోనో, నైలాన్ పట్టీతోనో చేతిని ముందే ఆపాలి. చేతిని తేలిక చేయడం అన్నిటికంటే లాభం. దూరం పెరుగుతుంది, దెబ్బ తగ్గుతుంది. సిలిండర్‌కు రెండు కొసలా ఇరుసు కీళ్ళు ఉండాలి, లేకపోతే పక్కకు పడే బలం సీళ్ళను తినేస్తుంది. బంతి లేకుండా విసరడం వీటన్నిటికీ శత్రువు. బంతికి వెళ్ళవలసిన శక్తి కూడా అడ్డం మీదే పడుతుంది. బంతి ఉందో లేదో చూసే చవక సెన్సర్ ఒకటి పెడితే ఎన్నో మరమ్మతులు తప్పుతాయి.

ఇక భద్రత. లీటరు ట్యాంకులో 8.3 బార్ల గాలి పగిలి ఒక్కసారిగా విడుదలైతే సుమారు 700 జౌళ్లు, కిలో బరువును 70 మీటర్ల ఎత్తుకు విసిరేంత. 125 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకునే రిలీఫ్ వాల్వు, కంప్రెసర్‌ను ఆపే ప్రెషర్ స్విచ్, చేత్తో తిప్పి గాలి వదిలేసే వాల్వు ఎఫ్‌ఆర్‌సీలో తప్పనిసరి కావడం అందుకే. రోబోకాన్‌లో మచ్చలేని ప్లాస్టిక్ సీసాలను ట్యాంకులుగా వాడే సంప్రదాయం ఉంది, నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. సీసా మీద గీత పడితే, ఎండకు పెళుసెక్కితే దాన్ని పారేయాలి. నీళ్ళ పైపులకు వాడే పీవీసీతో మాత్రం గాలి ట్యాంకు చేయకూడదు. పోటీల బయట జనంలోకి టీషర్టులు విసిరే ఫిరంగి రోబోల కోసం ఇది చేయాలన్న ఉబలాటం ఎక్కువ. నీటి పీడనానికి తట్టుకున్న పైపు గాలి పీడనానికి పగిలితే చీలిపోదు, పదునైన ముక్కలై ఎగురుతుంది.

కరెంటు పోతే యంత్రాంగం ఏ స్థితికి వస్తుందన్నది డిజైన్ దశలోనే తేల్చుకోవాలి. ఒకే కాయిల్ ఉన్న వాల్వు స్ప్రింగుతో మొదటి స్థితికి పోతుంది. రెండు కాయిల్‌లున్నది చివరి స్థితిలోనే ఉండిపోతుంది. గొళ్ళెం తీసే సిలిండర్‌కు మొదటి రకం పెట్టి, కరెంటు లేనప్పుడు గొళ్ళెం మూసి ఉండేలా ట్యూబులు బిగించాలి. ముందే నింపి గొళ్ళెం వేసిన సిలిండర్ గురించి తనిఖీలో తప్పక అడుగుతారు. గాలి వదిలే వాల్వు తిప్పితే వ్యవస్థలోని గాలంతా పోవాలని నిబంధన. మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు ఉంటే విసురు గదిలోని గాలి అక్కడే చిక్కుకుంటుంది. గేజీ సున్నా చూపిస్తున్నా చేయి మాత్రం బిగిసి ఉంటుంది. అందుకని ఆ గదికి సొంత గేజీ, సొంత విడుదల వాల్వు పెట్టి, వాటిని బంతి పోయే దారిలోకి చెయ్యి చాపకుండా అందేచోట బిగిస్తారు.